పందొమ్మిది గ్రాముల నీళ్ళు

రాయగడ స్టేషను వెనక, అద్దె షెడ్డులో
రాళ్ళను నలిపే మిషను మూలపడి నెల్లాళ్ళు.
దాని నూనె గుండె బాగుకని విశాఖ వెళ్ళింది,
ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు.
సొరంగం వాళ్ళకి మాత్రం
సోమవారానికల్లా లెక్క కావాలట.

సరే,
విరగ్గొట్టకుండానే చెప్పాలి
ఎక్కడ విరుగుతుందో.

ముందు ఎండబెట్టి తూచాను.
తర్వాత నీలంరంగు తొట్టిలో మూడు రాత్రులు నానేశాను.
గూడ్సు బండి వెళ్ళినంతసేపూ కాటా వణుకుతుంది.
ఆఖరి వేగను దాటేదాకా
పేపరుమిల్లు వాసనతో సహా ఊపిరి బిగబట్టి
అప్పుడు చదవాలి అంకె.

పదకొండో నంబరు, ఖొండలైటు.
తుప్పు రంగు ఒళ్ళు, లోపల దానిమ్మగింజల్లా గార్నెట్లు.
పొడిగా ఆరొందల ఆరు, తడిగా ఆరొందల పాతిక.
పందొమ్మిది గ్రాముల నీళ్ళు తాగింది,
ఎటు తిప్పి చూసినా నోరు కనపడదు.
పక్కనున్న నల్ల చార్నొకైటు
ఒక్క గ్రాముతో పెదవి తడుపుకుని ఊరుకుంది.

తర్వాత రెండు కొసలకీ గ్రీజు రాసి
చెవికందని చప్పుడొకటి పంపాను.
నల్లదాన్ని ఇరవై మైక్రోసెకన్లలో దాటేసింది.
ఎర్రదాన్లో గుంతల్లో పడి లేచి,
చుట్టూ తిరిగి,
నలభై అయిదుకి చేరింది అవతలికి.

గ్రాఫు కాగితం నిండా చుక్కలు.
వాటి మధ్యనుంచి స్కేలు పెట్టి గీత లాగాను,
ఏ ఒక్కదాన్నీ తాకకుండా
అందరి గురించీ మాట్లాడే గీత.

పెట్టెలు మోసిన కూలి కోసం వల్లెపు దాలయ్య వచ్చాడు.
గుణుపురం క్వారీల్లో నలభై ఏళ్ళు సుత్తి పట్టినవాడు,
కుడికన్ను ఒక రాతిపెచ్చుకి ఇచ్చేసినవాడు.
"మిషను నేకుండా ఏటి సేస్తన్నావమ్మా?"
"అంచనా కడుతున్నా."
"ఓహో, పెళ్ళిసూపులన్నమాట."

జేబులోంచి ఇనప మేకు తీసి
తల వంచి, వరసగా మీటుకుంటూ పోయాడు.
కంచు. కంచు. పచ్చి కుండ. కంచు.
పదిహేడో దాని దగ్గర ఆగాడు.
"ఇది దగ్గుతోంది."

నవ్వొచ్చింది నాకు.
పదిహేడు నా బంగారుతల్లి.
బరువుంది, నీళ్ళు ముట్టదు,
చప్పుడు దాన్లో చకచకా నడిచింది.
తొంభై మెగాపాస్కళ్ళు మోస్తుందని నా గీత సాక్ష్యం.

అరిగిన గోటితో చూపించాడు,
పొర వెంబడి, వెంట్రుక మందాన, తెల్లటి జాడ.
"అటునుంచి అడిగితే సెప్పదు. ఇటునుంచి అడుగు."

అడ్డంగా తిప్పి అడిగాను.
పదకొండు పట్టాల్సింది, ఇరవై నాలుగు పట్టింది.
గ్రీజు తుడిచి, మళ్ళీ రాసి, పదిసార్లు అడిగాను.
ఇరవై నాలుగే.

అప్పుడే ఫోను. "ఒక్క అంకె చెప్పండి మేడమ్, చాలు."
"మీ సొరంగంలో బరువు ఎటునుంచి పడుతుంది?"
కాసేపు గరగర.
"కొండ కదండీ, అన్నివైపుల నుంచీ."

రిమార్కుల గడిలో 'దగ్గు' అని రాసి, కొట్టేసి,
'పొర వెంట బలహీనత, మిషను వచ్చాక చూడాలి' అని రాశాను.
కొట్టేసిన మాట
కాగితం వెనక తడిమితే ఇంకా తగులుతూనే ఉంది.

దాలయ్య వోచరు మీద బొటనవేలు ఒత్తాడు.
నున్నటి సిరామరక, అంతే.
గీతలన్నీ రాళ్ళు తినేశాయి.
రెండోసారి ఒత్తించాను, మూడోసారి కూడా.
"నేనేనమ్మా," అన్నాడు, "నమ్ము."

డబ్బులు మడిచి రొండిన దోపుకుని
పట్టాల వెంబడే వెళ్ళాడు.
రేకుల మీద వాన మొదలైంది.
పదకొండుని మళ్ళీ కాటా మీద పెట్టాను,
ఎంత ఆరిందో చూద్దామని.
బయట, సిగ్నల్ స్తంభం దగ్గర అనుకుంటా,
దగ్గు వినపడింది, ఆగి మళ్ళీ.

గూడ్సు వచ్చింది.
కాటా వణుకుతోంది.