ఊదారంగు

మా అమ్మాన్‌లో నీళ్ళు గురువారం వస్తాయి.
వారానికొక్కసారి, అదీ అర్ధరాత్రి దాటాక,
గొంతు సవరించుకున్నట్టు గొట్టం ఒకసారి దగ్గి
మిద్దె మీది ట్యాంకుల్లోకి ఎక్కుతాయి.
వాటాకొక ట్యాంకు. రెండువేల లీటర్లు.
మళ్ళీ గురువారం దాకా అదే మా నది.

ఈసారి నాది సోమవారానికే ఎండిపోయింది.
తల నిండా నురుగుతో, కళ్ళు మూసుకుని
కుళాయి తిప్పితే
గాలి ఈల వేసింది.

వెంటనే పై అంతస్తు గుర్తొచ్చింది.
ఫిక్రియా. ట్యాంకుల పక్కనే ఆమె తలుపు.
ముగ్గురు మనవలు, వాళ్ళ ఉతుకులు,
నూనె డబ్బాల్లో పుదీనా, ఎప్పుడు చూసినా పచ్చగా.
అంత పచ్చదనం ఎవరి సొమ్మని అడిగాను,
మెట్ల మీద, నాలుగు వాటాలూ వినేలా.
ఆమె ఏమీ అనలేదు.
పిల్లల్ని లోపలికి పిలుచుకుంది.
ట్యాంకు మూతకి తాళం వేశాను. ఇత్తడిది. పెద్దది.

నేను మందుల దుకాణం మనిషిని.
ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు.
పసిబిడ్డ జ్వరం మందులో ఒక్క చుక్క ఎక్కువైనా
నా చెయ్యి ఒప్పుకోదు.
అదే చెయ్యి ఇంటికొచ్చాక
పళ్ళు తోముతూ కుళాయిని మరిచిపోతుంది,
కొత్తిమీర కట్ట ఒక్కదానికి బకెట్టు ఒలకబోస్తుంది.
చీటీ లేని మోతాదు. అడిగేవాళ్ళెవరు?

ట్యాంకర్ వాడు అడిగినంతా ఇచ్చి,
ఆ రాత్రి మొదటిసారి లెక్క రాశాను,
ఎవరిదో పాత మందుల చీటీ వెనక.
స్నానాలు, గిన్నెలు, రెండుసార్లు ఉతుకు,
అత్తగారి వుజూ, నేల తుడవడం,
ఏమిటో గుర్తురాని ఒక యాభై.
ఎంత లాగినా పన్నెండొందలు దాటలేదు.
మిగతా ఎనిమిదొందలూ ఎవరు తాగారు?

తాళం తాళంలాగే ఉంది.
తెల్లారి చూస్తే ట్యాంకులో గీత దిగింది.

మంగళవారం దుకాణం నుంచి
జెన్షియన్ వయొలెట్ సీసా తెచ్చాను.
పిల్లల నోటిపూతకి పూసేది.
మరుగుదొడ్డి తొట్టి మూత ఎత్తి పది చుక్కలు వేసి
ఫ్లష్ ముట్టుకోకుండా
స్టూలు లాక్కుని కూర్చున్నాను.

టీ చల్లారేంత సేపు.

తర్వాత తెల్లటి పింగాణీ మీదికి
చప్పుడు లేకుండా
దారంలాంటి ఊదా ఒకటి దిగింది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు.
ఆ పూట రెండూ ఒకే గీతలో జారి కిందికొచ్చాయి.
రబ్బరు వాషరు ఒకటి, అరిచేతిలో సగం లేదు,
ఎన్ని నెలలుగానో పగలూ రాత్రీ
నా గోడల మధ్యే నా నది తాగుతోంది.

పైకి వెళ్ళాను. ఫిక్రియా తలుపు తీసింది.
నీళ్ళు నమిలాను,
ఆ వారం నా దగ్గర మిగిలినవి అవే.
ఆమె నా మొహం చూడలేదు, వేళ్ళు చూసింది.
గోళ్ళ సందుల్లో ఊదా.
“ఎవరికి, రుదైనా, నోటిపూత?”
“నాకే,” అన్నాను.

నవ్వలేదు. పక్కకి జరిగి దారిచ్చింది.
ఆమె సింకు కింద గొట్టం లేదు, బకెట్టు ఉంది.
బియ్యం కడిగిన నీళ్ళు,
మూడు చిన్న ముఖాలు కడిగిన నీళ్ళు.
పుదీనా ఎవరి సొమ్మో
అందులో నాలుగు గింజలతో తేలుతోంది.
కాఫీ పెట్టింది. చిన్న కప్పు. అంచుదాకా పోయలేదు.
వెళ్ళేటప్పుడు అంది: “ఆ మందు నాకూ రెండు చుక్కలివ్వు.
మా తొట్టిని మాత్రం నమ్మడమెందుకు?”

ప్లంబరు శనివారం వస్తానన్నాడు.
ఏ శనివారమో అనలేదు.
అప్పటిదాకా వాల్వు కట్టేసి పడుకుంటున్నాను,
చీకట్లో, వినపడని దానికోసం చెవి ఒగ్గి.
తాళం తీసి దుకాణంలో
విషాల అరలో పెట్టాను.

గోళ్ళ మీది రంగు ఇంకా ఉంది.
పోగొట్టాలంటే చాలా నీళ్ళు కావాలి.
ఉండనీ.