నీళ్ళ లెక్క

ఈ లోయలో బావి లేదు.
మా తాత కాలంలో తవ్వారట,
నూరు మూరలు దిగినా రాయి కింద రాయే.
అందుకే నేనున్నాను, నాకో గాడిద ఉంది.
నాది కాదులెండి, పహరావాడు నెబ్‌సెమెన్‌ది.
నెలకి ఐదు దెబెన్ల రాగి అద్దె.

రాజుల సమాధులు తొలిచేవాళ్ళ ఊరు ఇది.
గడప గడపకీ ఓ దేవుడు.
కాన్పు గది గోడ మీద బెస్ నాలుక చాపి గెంతుతుంటాడు.
నీటిగుర్రం పొట్టేసుకుని తవెరెత్ కాపలా కాస్తుంది.
పైన శిఖరం మీద మెరెత్సెగెర్,
మౌనమంటే ఇష్టపడే నాగుపాము.
దొంగ ఒట్టు వేసినవాడికి పట్టపగలే చీకటి చూపిస్తుందని
ఆ మలుపు దగ్గర అందరూ గొంతు తగ్గిస్తారు.
నా గాడిద మాత్రం
సరిగ్గా అక్కడే ఓండ్ర పెడుతుంది.

నా దేవత వేరు.
కెబెహుత్.
అనుబిస్ కూతురు.
నక్కతల తండ్రికి పాముపిల్ల ఎలా పుట్టిందని అడక్కండి,
దేవుళ్ళ ఇంటి గుట్టు మనకెందుకు.
తండ్రి కళేబరాలకి నారగుడ్డలు చుడుతుంటే
కూతురు నాలుగు కుండలతో నిలబడి ఉంటుంది.
లేవడానికి ఇంకా వేళ కానివాళ్ళ
ఎండిన గుండెల మీద
చల్లటి నీళ్ళు పోస్తుంది.
అంతే ఆమె పని.
లోకాలు పుట్టించలేదు, యుద్ధాలు గెలవలేదు.
గుడి లేదు, పండగనాటి పడవ లేదు.
నీళ్ళు మోసేదానికి ఊరేగింపు ఎవరు చేస్తారు?

చిత్రకారుడు మెర్వాసెత్‌ని అడిగాను,
ఓ రాతిపెచ్చు మీద గీసిపెట్టమని.
నవ్వాడు. "ఎవరామె? ఆమెను గీయమని
ఇంతవరకూ ఎవరూ గింజ కొలవలేదే."
బేరం కుదిరింది:
ముప్పై రోజులు, రోజుకో కుండ ఎక్కువ.

గీశాడు. నల్లసిరా, కొంచెం ఎర్రమట్టి.
పాము. నాలుగు కుండలు.
పాముకి భుజాలు.
"పాముకి భుజాలేమిటయ్యా?" అన్నాను.
"భుజాల్లేకుండా మోస్తుందా?" అన్నాడు,
నా మెడ పక్క కావడి కాసిన కాయ వైపు చూస్తూ.
పన్నెండేళ్ళుగా వాళ్ళింటి జాడీ నింపుతున్నాను.
ఆయన నన్ను చూడటం
అదే మొదలు.

ఇరవై ఎనిమిదో రోజున గాడిద కుంటింది.
రెండు రోజులు ఊరంతా తిట్లే.
మూడో రోజుకి గాడిద కోలుకుంది,
మెర్వాసెత్ మంచం పట్టాడు.
తేలు అన్నారు, జ్వరం అన్నారు,
ఆయన భార్య తామెకెత్ ఏమీ అనలేదు.

సమాధిలో ఆయన తోటివాళ్ళే బొమ్మలు వేశారు.
ఓసిరిస్, హాథోర్, త్రాసు పట్టుకున్న పెద్దలంతా ఉన్నారు,
రంగు తడి ఆరలేదు.
నాలుగు కుండలావిడ ఏ మూలా లేదు.
వెతికాను, దీపం ఆర్పేస్తామనేదాకా.

లేఖకుడు హోరిషెరి పెంకు తిప్పి చదివాడు:
"మెర్వాసెత్ ఇంటికి రావలసినవి, రెండు కుండలు.
మనిషే పోయాడు, కొట్టేయనా?"
ఈ ఊళ్ళో నా బాకీలు కొట్టేస్తానన్నవాడు
అతనొక్కడే.
వద్దన్నాను.

పొద్దు వాలాక ఎక్కాను కొండ.
మలుపు దగ్గర గాడిద ఎందుకో అరవలేదు.
సమాధి గడప ఇంకా పెనంలా కాలుతోంది.
మొదటి కుండ వంచగానే రాయి
బుస్సుమంది.

కాసేపు కదల్లేదు నేను.
తర్వాత రెండోది కూడా వంచాను,
కొంచెం కొంచెంగా,
గొంతు దిగడం కష్టమైనవాడికి పోసినట్టు.

గాడిద ముందుకొచ్చి
తడి గడపని నాకింది.
నేను అదిలించలేదు.