చిరునామా మార్పునకు కారణం

అమలాపురం ఎస్పీ ఆఫీసులో
విదేశీయుల సెక్షనంటే ఒక బల్ల.
బల్ల వెనకాల హెడ్డు వీరభద్రం గారు,
బల్ల మీద స్టాంపు ప్యాడు, సగం తిన్న చక్రకేళి.

ఇది మాకు ఆరోసారి.
చీకటుండగానే పంటు దాటి, గన్నవరంలో ఆటో మారి వస్తాం.
ఫైలుని బియ్యం సంచిలో పెట్టి
ఒళ్ళో పట్టుకుని కూచుంటుంది రోవెనా,
రొయ్యపిల్లల కవరు పట్టుకున్నట్టు,
కుదిపితే చస్తాయేమో అన్నట్టు.

మొదటిసారి ఇంటిపేరు దగ్గర ఆగింది.
ఆన్‌లైన్లో అది వెనక్కి పోయింది,
పెళ్ళి సర్టిఫికెట్లో ముందుకొచ్చింది,
కువైట్లో రాయించిన కాగితంలో అసలు లేనే లేదు.
"ఈవిడకి ముగ్గురు మొగుళ్ళు కనపడుతున్నారండి"
అన్నారు వీరభద్రం గారు, నవ్వకుండా.
మా ఇంటిపేరు చెల్లుబోయిన.
తన పర్మిట్టు చెల్లేది ఏడాది.

తర్వాత ఫొటో వెనకాల తెల్లగోడ తెల్లగా లేదన్నారు.
తర్వాత కరెంటు బిల్లు మా తాత పేరునుంది.
తాత పోయి పంతొమ్మిదేళ్ళు,
బిల్లు మాత్రం నెలనెలా కడుతూనే ఉన్నాడు.
నాలుగోసారి ఎందుకెళ్ళామో గుర్తులేదు,
తిరిగొస్తుంటే వానొచ్చింది, అంతే.

ఐదోసారి కానిస్టేబులే మా లంకకొచ్చాడు,
'కలిసి నివసించుచున్నారా' అన్న గడి నింపడానికి.
దండెం మీద బట్టలు చూశాడు,
గూట్లో దువ్వెన్లు లెక్కపెట్టాడు.
ఆ వేళప్పుడు రోవెనా మా అమ్మతో తగువులో ఉంది,
ఎండుచేపల పులుసులో చింతపండు ఎక్కువైందని.
గరిటె చూపించి అమ్మ,
"మా ఇంట్లో మాకే చెబుతావా?" అంది.
"మన ఇంట్లో" అంది రోవెనా.

'మా'కీ 'మన'కీ తేడా తనకి నేను నేర్పలేదు.
వాళ్ళ భాషలోనూ రెండూ వేరువేరంట,
ఎవరిని కలుపుకుంటున్నావో, ఎవరిని గుమ్మంలో నిలబెట్టావో
ఒక్క మాటలో తెలిసిపోతుందంట.
కానిస్టేబులు ఇంకేమీ అడగలేదు.
టిక్కు పెట్టి, మజ్జిగ తాగి వెళ్ళాడు.

శ్రావణంలో ఎర్రనీరొచ్చింది.
కోత ముందు కొబ్బరి వరస తింది, పాక తింది,
ఓ రాత్రి వంటిల్లు తినేసరికి
అమ్మా, మేమూ, కోళ్ళ గంపా
ఏటిగట్టు మీద అద్దింట్లో తేలాం.
ఇల్లు మారితే పద్నాలుగు రోజుల్లో చెప్పాలి, రూలు.
ఆ పద్నాలుగులో పది రోజులు పంటే తిరగలేదు.

వీరభద్రం గారు కళ్ళజోడు తుడుచుకున్నారు.
"పాత చిరునామాలో ఇప్పుడెవరుంటున్నారు?"
"గోదారండి."
"ఖాళీ చేయడానికి కారణం?"
"గోదారేనండి."
"ముందస్తు నోటీసేమైనా..."
నాకు తెలుగు అందలేదు. రోవెనాకి అందింది:
"మూడేళ్ళ నుంచి ఇస్తా ఉంది సార్. మేమే వినలేదు."

ఆయన పెన్ను మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు.
చక్రకేళి తొక్క చెత్తబుట్టలో పడేశాడు.
"మన గోదారి అంతేనమ్మా" అన్నాడు.
అని, ఇంటి ఓనరుతో వంద రూపాయల స్టాంపు కాగితం మీద
అగ్రిమెంటు రాయించుకుని సోమవారం రమ్మన్నాడు.

సాయంత్రం పంటు మీద
నేను స్టాంపు కాగితం ఎవరి దగ్గర దొరుకుతుందా అని
చూపు నీళ్ళ మీదే ఉంచి లెక్కలేసుకుంటున్నాను.
"మన అన్నాడు" అంది రోవెనా.
"ఎవరు?"
"హెడ్డు. మా అనలేదు."
సంచి ఈ ఒడి నుంచి ఆ ఒడికి మార్చుకుంది.

మా ఇల్లుండే చోట
కరెంటు స్తంభం ఒక్కటే నడుంలోతు నీళ్ళలో
కొంచెం వాలి నిలబడి ఉంది,
ఇంకా తాత పేరునే.