మూడు నిమిషాలు, పైన పది సెకన్లు

కార్డిఫ్‌లో, రేవు వెనక వీధిలో, బార్ కింద నేలమాళిగ.
మంగళవారం మంగళవారం అక్కడ కవిత్వానికి మార్కులేస్తారు.
నా పని మైకు ఎత్తు సరిచేయడం,
వైర్లు కాళ్లకు తగలకుండా టేపు అంటించడం,
మూడు నిమిషాల పది సెకన్లు దాటితే ఎర్రలైటు వెలిగించడం.
కవిత్వం సంగతి నన్నెవరూ అడగరు.
మీరూ అడగలేదు. చెబుతున్నాను.

జడ్జీలు గుమ్మం దగ్గర దొరికినవాళ్లే.
ఇవాళ ఒక నర్సు, డ్యూటీ బూట్లతోనే వచ్చింది.
వేళ్లకింకా పొలుసు వాసనున్న చేపల వ్యాపారి.
పుట్టినరోజు కిరీటం తీయని కుర్రాడు,
వాడు అందరికీ ఎనిమిదే వేస్తాడు.

ఇదిల్ ఎక్కింది.
చచ్చిపోయిన తమ్ముడి ఫుట్‌బాల్ బూట్ల పద్యం.
పన్నెండోసారి వింటున్నాను.
'లేసులు' అన్న మాట దగ్గర గొంతు పగులుతుంది,
నాలుగు లెక్కపెట్టేంత సేపు ఆగుతుంది,
నేను రెండు దగ్గరే మైకు కాస్త పెంచుతాను.
ఆ పగులు ఇప్పుడు మా ఇద్దరి ఉమ్మడి ఆస్తి.
మానుతున్న గాయాన్ని వారం వారం గిల్లుకుని
రక్తం సరైన వేళకు వచ్చేలా చూసుకోవడం
కళేనా అని అడగాలనిపిస్తుంది.
అడిగేలోపు నా ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి.
పన్నెండోసారి కూడా!
గారడీవాడి చొక్కాచేతిలో పావురం ఉందని తెలిసీ
పావురం ఎగిరితే తలెత్తనివాడెవడు?
నర్సు కళ్లు తుడుచుకుని తొమ్మిదిన్నర ఎత్తింది.

ఈమధ్య అందరిదీ ఒకే రాగమైపోయింది:
వాక్యం చివర ఓ మెట్టెక్కి, ఆగి,
మనమూ ఎక్కామా అని వెనక్కి చూడటం.
మొన్న ఒకడు బార్లో నిమ్మకాయ ముక్క అడిగినా
అదే రాగంలో అడిగాడు.

తర్వాత నెరిస్.
పోటుపాట్ల పట్టికలు తయారుచేసే ఆఫీసులో ఉద్యోగం.
కాగితం వణికింది. ఆమె గొంతుకంటే
కాగితం గరగరే నా మీటరుకు ఎక్కువ వినబడింది.
ముల్లు అడుగున పడుకుని లేవలేదు.
వెనక బల్ల దగ్గర ఎవరో చిప్స్ ప్యాకెట్టు చింపారు.
అయిదు. నాలుగున్నర. కిరీటం కుర్రాడు ఎనిమిది.
ఆమె కాగితం స్టూలు మీదే వదిలేసి
కోటు గుండీలు తప్పుగా పెట్టుకుంటూ మెట్లెక్కిపోయింది.

ఇచ్చేద్దామని జేబులో పెట్టుకున్నాను.
రాత్రి బస్సులో విప్పాను.

*అద్దెగదిలో మేకు ఊడిన చోట
ముందటివాళ్ల పటం
ఇంకా వేలాడుతోంది.*

మళ్లీ పైకి పోయి చదివాను. నా స్టాపు దాటిపోయింది.
మూడో పాదానికి ముందున్న ఆ కాస్త తెల్లదనం
ఏ మైకుకూ అందేది కాదు.
ఇంటికెళ్లి మా ఆవిడకు పైకి చదివి వినిపించాను.
నా నోట్లో అది నానిన బిస్కెట్టయింది.
"మంచిదేలే," అంది తను, దీపమార్పుతూ.

ఇదిల్ పద్యాన్నీ రికార్డింగు విని కాగితం మీద పెట్టి చూశాను.
బూట్లున్నాయి, లేసులున్నాయి.
తమ్ముడు లేడు.
ఆ నాలుగంకెల మౌనాన్ని
చుక్కలు పెట్టి రాయబోతే
చీమలు పాకినట్టు కనబడ్డాయి.
తప్పెవరిది? ఆమె నాకు కాగితం ఇస్తానని
ఎప్పుడూ అనలేదు కదా.

మీకో రహస్యం.
రికార్డింగుల్లో చప్పట్లు కత్తిరించమంటారు, కత్తిరిస్తాను.
ఆ పక్కనే ఇంకోటి దొరుకుతుంది, పారేయబుద్ధి కాదు:
మొదటి మాటకు ముందు లోపలికి పీల్చిన ఊపిరి.
విడిగా దాచుకుంటున్నాను. రెండువందల చిల్లర ఉన్నాయి.
పేర్లు రాసుకోలేదు.
వరసగా వినిపిస్తే
ఇదిలేదో నెరిసేదో నేను పోల్చుకోలేను.

వచ్చే మంగళవారం ఆ కాగితం తీసుకెళ్లాలి.
ఆమె రాకపోవచ్చు.
మైకు మాత్రం ఆమె ఎత్తుకే దించి ఉంచుతాను,
ఇదిల్ వచ్చి విసుక్కునేదాకా.