తలకట్లు

నా బల్ల మీదికి ఆమె పేరు రాలేదు.
మూత బిగించిన గాజు గొట్టంలో ఒక దూది పుల్ల,
చీటీ మీద: స్త్రీ, యాభై రెండేళ్లు, ఫిషింగ్ హార్బరు.
వృత్తి అన్నచోట ఎవరో 'పాట' అని రాసి కొట్టేసి
'వేలం' అని దిద్దారు.

పెదవాల్తేరు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నాది.
నా దగ్గరికి చేరేవి కళ్లెలు, పోర్టు బొగ్గు, మామూలు క్షయ.
పుల్లకి ఇలా బూడిద రంగు పొర అంటుకుని రావడం
పదకొండేళ్లలో చూడలేదు.
డాక్టర్ లజపతి గారు ఫోన్లో అన్నారు:
"నోరు తెరిచి ఆ అనమన్నానోయ్.
ఆ రాలేదు. గాలి వచ్చింది."

రంగు వేసి, అయొడిన్ పోసి, కడిగి,
నూనె చుక్క లోకి కటకం దించాను.
చీనా అక్షరాల్లా ఉంటాయంటారు పుస్తకాల్లో.
నాకు చీనా రాదు.
నాకు కనిపించినవి తలకట్లు.
అమ్మ పలక మీద వేలు పట్టి దిద్దించిన తలకట్లు,
అక్షరాల మీంచి ఊడి, ఆకుపచ్చగా,
ఒకదాని మీద ఒకటి ఒరిగి.

తలకట్టంటే అ కదా.
పీక విప్పగానే వచ్చే మొదటి చప్పుడు కదా.
గొంతు నిండా అన్ని అ-లు పెట్టుకుని
ఒక్క ఆ అనలేకపోయిందా మనిషి.

కంఠసర్పి.
టీకాల గోడ మీద, కోరింత దగ్గు పక్కన
చిన్నప్పుడు కూడబలుక్కుని చదివిన మాట.
ఆ గోడకి రెండుసార్లు సున్నం వేశారు,
పాము సంగతి మరిచిపోయాం.

మందు గుర్రం రక్తంలోంచి తీస్తారు.
మన దగ్గర లేదు.
హైదరాబాదు నుంచి రైల్లో వచ్చింది,
థర్మోకోల్ పెట్టెలో, ఐసు మధ్య,
మన చేపలు వెళ్లే దారిలోనే ఎదురొచ్చింది.

మర్నాడు చీకటుండగానే జెట్టీ మీద వరస.
రొయ్యలు ఒలిచేవాళ్లు, బుట్టలు మోసేవాళ్లు, బేరగాళ్లు.
నర్సు సన్యాసమ్మ టార్చి వేసి, ఆ అనండి.
ఆ.
ఆ.
సొరచేపంత నోరు తెరిచి ఒకామె
"ఆ... ఆరొందలు!" అంది,
వరసంతా పడీ పడీ నవ్వింది.
పేరు అక్కడ తెలిసింది నాకు.
"మా కాసులమ్మ పాడితే బోటు మీదోడికి కూడా
రేటు తెలిసిపోద్ది బాబూ,
దాని పీకకేటొచ్చినాది?"

ఎనభై మూడు పుల్లలు. పట్టింది ఒక్కటే:
ఐసు కొట్టే కుర్రాడు. దగ్గూ లేదు, జ్వరమూ లేదు.
"నాకేటీ నేదు సార్" అంటూ
నా మొహం మీదే నవ్వాడు.

మూడో వారానికి పొర రాలిపోయింది,
అంగిలి మాత్రం పైకి లేవనంది.
తాగిన టీ ముక్కులోంచి తిరిగొచ్చేది.
మాటలన్నీ ఙ లోంచి, ఞ లోంచి దూరి వచ్చేవి.
బడి దాటాక ఎవరూ ముట్టుకోని ఆ రెండింటికీ
ఐసొలేషన్ వార్డులో పని దొరికింది.

మరి కొన్నాళ్లకి, ఆదివారం, హార్బరుకి వెళ్లాను.
తడి సిమెంటు మీద కోనాం కుప్ప,
కుప్ప వెనక కాసులమ్మ, వేళ్లతో ధర.
పక్కన గనగళ్ల ఎర్రాజి,
ఇరవై ఏళ్లుగా ఆమెతో మాటల్లేనిది,
వేళ్లు చూసి అరుస్తోంది.
ఎనిమిదొందలని చూపిస్తే
ఏడనేసింది ఒకసారి.
నెత్తి మీద ఒక్క మొట్టికాయ.
ముక్కుతోనే, బోట్ల దాకా వినపడేలా
దిద్దింది కాసులమ్మ.

అక్కర్లేకపోయినా ఒకటి కొన్నాను.
డబ్బులిస్తుంటే నా గోరు పట్టుకు చూసింది,
అంచున పోని ఆకుపచ్చ.
ఏటిదని కనుబొమ్మలు ఎగరేసింది.
రంగు, అన్నాను.
కడుక్కో అన్నట్టు బకెట్టు ఇటు జరిపి
నా చేపని ముక్కలు కొట్టించింది.