నల్లనివన్నీ నీళ్లు

ఆలిస్ స్ప్రింగ్స్‌లో నదికి ఇసుకే ఒళ్లు.
ఏడాదికోసారి అడుగు లేని పడవల్లో దూరి
సొంత కాళ్లతో పరుగెత్తి పందెం గెలుస్తారిక్కడ.
అలాంటి ఊళ్లో కూర్చుని
రాత్రి రెండుంబావుకి
వేరే దేశం వరదని వింటున్నాం.

ఉపగ్రహం ఒకరిది,
యాంటెన్నా ఇంకొకరిది,
మునిగిన ఊళ్లు మూడోవాళ్లవి.
మా ఆకాశంలో అది ఉండేది పదకొండు నిమిషాలు.
గ్లెనిస్ బిస్కెట్ డబ్బా మూత పెట్టి
"వచ్చింది" అంది, బస్సు వచ్చినంత మామూలుగా.
బయట తెల్లటి పళ్లెం మెడ తిప్పింది.

మబ్బుల్ని దాటి చూసే రాడార్.
చెట్టూ గోడా గరుకు నేలా
పిలిస్తే పలుకుతాయి.
కదలని నీరు మాత్రం పిలుపుని పక్కకి జార్చేస్తుంది.
అందుకే తెర మీద నీరు నలుపు.
ఫ్లై నది పొడవునా
నలుపు కనిపించిన ప్రతిచోటా నీలం పూశాను,
తెల్లారకముందే పంపేశాను.
ఎవరూ ఎవర్నీ పైసా అడగలేదు.
పెరుగుకి తోడు అడిగితే లేదనకూడదు కదా,
ఇచ్చిన గిన్నె తరగదు.

పోర్ట్ మోర్స్‌బీ నుంచి ఫోను. కిలా వాగి.
గొంతులో నిద్ర లేదు, కోపమూ లేదు.
"నువ్వు ముంచేసిన ఆ పొడుగు చార
మా చిన్న విమానాలు దిగే చోటు.
నున్నగా కోసిన గడ్డి. పొడిగా ఉంది.
మాకు మిగిలింది అదొక్కటే.
దాని పైన తెల్లగా మెరుస్తోందే అడవి,
వరద లేదని వదిలేశావే,
అక్కణ్ణించే రేడియోలో అరుస్తున్నారు
అటకల మీద నిలబడి."

అప్పుడు వెలిగింది.
నీళ్ల మీద పడి, మానుకి తగిలి,
రెండింతలై తిరిగొచ్చిన మెరుపు అది.
చెట్ల కింద నీళ్లు. నీళ్ల మీద మనుషులు.

తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు
అని నమ్మేవాళ్లుంటారంటే
నవ్వేదాన్ని.

మా పటంలో అంకెలుగా ఉన్న నాలుగు ఊళ్లకి
ఆమె పేర్లు చెప్పింది.
రాసుకున్నాను. చదివి వినిపించాను.
రెండుసార్లు దిద్దింది, ఒక దీర్ఘం దగ్గర.
తోడు మనదే కావచ్చు.
పాలు వాళ్లవి.

నీలాన్ని చెరిపాను,
ఒక విమానం దిగేంత మేర.
అడవిలో పూశాను, చేయి వణుకుతుంటే.
ఆరూ నలభైకి మరో దేశం ఉపగ్రహం వస్తుంది,
అది చూసి మళ్లీ దిద్దాలి.
గ్లెనిస్ ఆఖరి బిస్కెట్ నా వైపు తోసింది.

ఇంటికెళ్తూ టాడ్ నది దాటాను.
గాలి నిమిరిన ఇసుక, ఎండిపోయి, నున్నగా.
పైనుంచి చూస్తే
ఇదీ నల్లగానే ఉంటుంది.