లీటరుకి ఎంత ఊపిరి

పదకొండుంపావు.
మూడు నెలలుగా లీటరుకి అంతకు మించి రాలేదు.
ముహూర్తానికి ఇచ్చేది అదే,
డీజిల్ మాత్రం అదే కాదు.
బంగారుపాళ్యం దాటేసరికే
తాంబూలంలో పెట్టిచ్చిన నోట్లు
వెనక పైపులోంచి నల్లగా పోతాండాయి.

గ్రీమ్స్‌పేటలో గౌసు షెడ్డు.
బానెట్ ఎత్తకముందే ఇండికాని స్టార్ట్ చేయించి
కళ్ళు మూసుకొని విన్నాడు.
నా కచేరీని ఎవరూ అట్లా వినలేదు.
"దీనికి ఊపిరాడతా లేదు సామీ."
ఎయిర్ ఫిల్టర్ తీసి నేలకు తడితే
మామిడితోటల దుమ్ము, గ్రానైట్ పొడి,
రెక్కలు చెదరని ఒక తూనీగ.

ఇంజెక్టర్లు నాలుగూ విప్పి గుడ్డమీద పరిచినాడు.
పొగమంచులా చిమ్మాల్సింది ఒకటి
పాత కుళాయి మాదిరి కారస్తాంది.
ఇది నాకు ఒకరు చెప్పాల్సిన పన్లేదు.
సీవాళి పెదవి చీలితే
ఎంత ఊదినా గాలే, స్వరం ఉండదు.
పొరపాటున అడిగేసినా:
"నాలుకతో తడిపి చూడగూడదా?"
గౌసు స్పానరు కింద పెట్టి మరీ నవ్వినాడు.

వెనక చక్రం జాకీమీద లేపి తిప్పితే
ఒకటిన్నర చుట్టుకే నిలబడిపోయింది.
"బండి పోతానే ఉంది, బ్రేకు పట్టుకోనే ఉంది.
ఇన్నేళ్ళూ రెండు బండ్లు తోలినావు సామీ."

ఇంక బరువు.
డిక్కీలోంచి దిగినవి:
గట్టకట్టిన అర మూట సిమెంటు,
పెళ్ళికొడుకు పేరు సగం చిరిగిన బ్యానరు,
ఎవరిదో ఎడమకాలి చెప్పు,
పదేళ్ళుగా మోస్తున్న పగిలిన డోలు కట్టె.
పైన క్యారియర్ కూడా పీకమన్నాడు, గాలిని ఆపుతాదంట.
పీకినాం. మరి డోలు?
"నా ఒళ్ళో పెట్టుకుంటా" అన్నాడు ఏకాంబరం.
ఏకాంబరమే తొంభై ఎనిమిది కిలోలు.
గౌసు అతన్నొకసారి చూసి, నన్నొకసారి చూసి
టైర్లలో గాలి కొట్టే పని పెట్టుకున్నాడు.

"కాలు కోడిగుడ్డుమీద పెట్టినట్టు పెట్టు.
మొగిలి ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టొద్దు,
అది పొదుపు కాదు, పాడె.
గేరులోనే ఉండనీ, కాలు తియ్యి."
మా మేనమామ నేర్పిందీ ఇంతే కదా,
ఆయన చేతిలో స్పానరు లేదు, బెత్తం ఉండేది:
ఊదడం ఎద్దుకైనా వస్తుందిరా,
ఊదకుండా ఎక్కడ ఆగాలో తెలుసుకో.
యాభై రెండేళ్ళు వచ్చినాక
కుడికాలితో మళ్ళీ మొదలుపెట్టినా
సరళీ స్వరాలు.

పలమనేరు రోడ్డులో లారీలు హారన్ కొట్టి దాటిపోయినాయి.
శ్రుతిపెట్టె లోకనాథం సిగ్గుతో తల దించుకున్నాడు,
ఒక మోపెడ్ కూడా దాటిపోయింది.
నేను యాభై దాటలేదు.
కిటికీలోంచి మొదటిసారి వినిపించింది
చింతచెట్లలో పిట్టలు శ్రుతి చేసుకోవడం.

ట్యాంకు గొంతుదాకా నింపడం,
కిలోమీటర్లు రాసుకోవడం,
మళ్ళీ అదే బంకు, అదే పంపు,
గొంతుదాకా నింపి భాగించడం.
తాళాల లెక్కకంటే కష్టమేం కాదు.
పదమూడు. పదమూడున్నర.
ఒక శుక్రవారం తిరుపతి పోయొస్తే
పదిహేను పాయింటు ఆరు!

చంద్రగిరి దాకా పాడుకుంటా వచ్చినానని
ఇంట్లో చెప్పలేదు.
ఆ రాత్రి నోటుబుక్కు తెరిచి
అంకె చుట్టూ సున్నా చుట్టబోయి ఆగినా.
ఆరోజు ఏకాంబరానికి జ్వరం.
బండిలో అతను లేడు, డోలు లేదు.
మూడోముడి పడేటప్పుడు గట్టిమేళం అని కేక వేస్తే
నేనొక్కణ్ణే ఊదినా,
లోకనాథం తాళం చిప్పలు కొట్టినాడు,
పెళ్ళివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ లెక్క కొట్టేసినా.

వచ్చే గురువారం పుంగనూరు.
తెల్లారి మూడుకే వచ్చి కూర్చున్నాడు ఏకాంబరం,
ఒళ్ళో డోలు, డోలుమీద ఇడ్లీ పొట్లం.
స్ప్రింగులు మూలిగినాయి.
కోడిగుడ్డుమీద కాలు పెట్టి
మెల్లగా కదిలించినా.
ఎంతొస్తే అంత రాస్తా.